పోయినవాళ్ళ పేరు ఎవరి సరుకు?

వ్యాపార సినిమా మీద మన పత్రికల్లో విమర్శ తక్కువేమీ రాలేదు. కథలోని కుళ్ళు గురించీ, పాటలోని బూతు గురించీ, హీరో వేషంలో తిరిగే భూస్వామి గురించీ ఏళ్ళ తరబడి రాస్తూనే ఉన్నాం. కాని సినిమా కంటే ముందు జనంలోకి వచ్చేది దాని ప్రచారం. హాలు మొహం చూడనివాళ్ళ దాకా కూడా అది పోతుంది. గోడ మీద పోస్టరు, పేపర్లో ప్రకటన, ఇవాళ జేబులో ఉన్న ఫోనులోకి వచ్చిపడే ట్రైలరు, ఇవన్నీ ఎవరో ఒకరు ఆలోచించి, మాటలు ఏరి, బొమ్మలు ఏరి తయారు చేసినవే. వీటిని కూడా రచనలుగా తీసుకుని, ఇవి ఎవరి తరఫున ఎవరికి ఏం చేస్తున్నాయి అని అడగటం విమర్శకుల పని. ఈ వ్యాసంలో నేను తీసుకున్నది అందులో ఒక్క అంశం: చనిపోయిన మనిషి పేరుని ప్రచారానికి వాడుకోవటం, ఆ మనిషిని పోగొట్టుకున్న కుటుంబం వద్దని అడ్డుపడటం.

ఈ సమస్య సినిమావాళ్ళతో మొదలై సినిమావాళ్ళతో ఆగేది కాదు. ప్రభుత్వాలకీ, పార్టీలకీ, అమరుల పేరు మీద సభలు జరిపే మన సంఘాలకీ ఇది వర్తిస్తుంది. టెక్కలి నుంచి పలాస దాకా, అక్కణ్ణించి సముద్రం వార ఉద్దానం ఊళ్ళ దాకా, పోలీసు తూటాలకి పోయినవాళ్ళని తలుచుకునే నేల మీద ఉండి రాస్తున్నాను గనక ఆ చివరి మాట దాటవేయటం నాకు కుదరదు.

ముందు వాస్తవాలు చెప్పుకుందాం. 2020లో రాంగోపాల్ వర్మ రెండు సినిమాలు ప్రకటించాడు. ఒకటి ‘మర్డర్’. దాని ఉపశీర్షిక ‘కుటుంబ కథా చిత్రం’. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, ఆస్పత్రి గుమ్మం ముందు, గర్భవతి అయిన భార్య పక్కన ఉండగానే ఒక దళిత యువకుణ్ణి కిరాయి హంతకుడు నరికి చంపాడు. కులం కాని వాణ్ణి పెళ్ళి చేసుకుందని భార్య తండ్రే ఈ హత్య చేయించాడని పోలీసులు కేసు పెట్టారు. ఆ సినిమాకి ముడిసరుకు ఈ హత్య. రెండోది ‘దిశ ఎన్‌కౌంటర్’. 2019 నవంబరు 27 రాత్రి హైదరాబాదు శివార్లలో ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి, చంపి, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద తగలబెట్టారు. డిసెంబరు 6 తెల్లవారుజామున నిందితులు నలుగుర్నీ పోలీసులు ఆ వంతెన దగ్గరే కాల్చి చంపారు. సినిమా పేరులోనే ఈ రెండు ఘటనలూ ఉన్నాయి.

రెండు సినిమాలకీ పోయినవాళ్ళ కుటుంబాలు అడ్డుపడ్డాయి. మిర్యాలగూడ యువకుని తండ్రి కోర్టుకి వెళ్ళాడు. చిత్ర నిర్మాతల మీద కేసు నమోదయింది. విడుదలని నల్గొండ కోర్టు ఆపింది. తర్వాత హైకోర్టు, అసలు పేర్లూ ఫొటోలూ వాడకూడదన్న షరతు మీద అనుమతించింది. 2020 డిసెంబరులో సినిమా వచ్చింది. పశువైద్యురాలి తండ్రి 2020 అక్టోబరులో తెలంగాణ హైకోర్టుని ఆశ్రయించాడు. పోలీసుల చేతిలో పోయిన నలుగురి కుటుంబాలు కూడా ఆ సినిమా వద్దని విచారణ కమిషన్ ముందు మొరపెట్టుకున్నాయి. చివరికి పేరు మార్చుకుని ‘ఆశ ఎన్‌కౌంటర్’గా 2022 జనవరి 1న అది విడుదలయింది.

ఆ యువకుని పేరూ, ఆ యువతి పేరూ ఈ వ్యాసంలో రాయటం లేదు. ఆమె పేరు రాయకూడదని చట్టమే చెప్తోంది. అతని పేరు రాయటానికి చట్టం అడ్డు లేదు. కాని ప్రచారంలో పేరు వాడకాన్ని తప్పు పట్టే వ్యాసం, ఆ పేర్లనే తన శీర్షికకీ వాక్యాలకీ ఆకర్షణగా వాడుకుంటే ఇక తేడా ఏముంది?

ఇప్పుడు ప్రచారాన్ని ప్రచారంగా చదువుదాం. ‘మర్డర్’ మొదటి పోస్టరు 2020 జూన్ 21న విడుదలయింది. ఆరోజు పితృ దినోత్సవం. ఆ తేదీ యాదృచ్ఛికం కాదు. కూతుర్ని మరీ ఎక్కువగా ప్రేమించిన తండ్రి కథ అని దానికి వ్యాఖ్యానం. చూడండి, ఇందులో ఎంత పని జరిగిపోయిందో. హత్య జరిగింది దళితుడికి. కాని ప్రచారంలో కథ తండ్రీకూతుళ్ళది. కులం ఎగిరిపోయి దాని చోట ప్రేమ వచ్చింది. కత్తివేటుకి పోయిన మనిషి ఆ కథలో మూడోవాడు అయిపోయాడు. ‘కుటుంబ కథా చిత్రం’ అన్నప్పుడు ఏ కుటుంబం కథ? కొడుకుని పోగొట్టుకుని కేసు నడుపుతున్న దళిత కుటుంబం కథ కాదు. పోస్టరు మీద ఎవరి పేరు ఉందన్న దానితో పాటు ఎవరి పేరు లేదన్నది కూడా విమర్శకుడు చూడాలి. ఆ తండ్రి అభ్యంతరంలో ఈ రెండూ ఉన్నాయి. తన కొడుకు చావుని అమ్ముతున్నారన్న బాధ ఒకటి. ఆ చావుకి కారణాన్ని తారుమారు చేస్తున్నారన్న భయం రెండోది. అప్పటికి విచారణ ఇంకా సాగుతోంది. 2025 మార్చి 10న గాని నల్గొండ ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పలేదు. ఒకడికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం పడ్డాయి. మొదటి నిందితుడైన మామ 2020 మార్చిలోనే చనిపోయాడు. సినిమా ప్రచారం మొదలైంది ఆ తర్వాతే. అంటే కోర్టు నోరు విప్పకముందే పోస్టరు తీర్పు చెప్పేసింది.

ఇక రెండో సినిమా పేరు కథ ఇంకా విచిత్రం. అత్యాచారానికి గురైన మనిషి పేరు బయటపెట్టటం నేరమని భారత శిక్షాస్మృతి 228ఎ సెక్షన్ 1983 నుంచీ చెప్తూ వచ్చింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కూడా అదే చెప్తోంది. చనిపోయిన బాధితురాలి పేరు కూడా వెల్లడించకూడదనీ, రక్తసంబంధీకులు ఒప్పుకున్నా అది సెషన్స్ జడ్జి నిర్ణయించాల్సిన సంగతి అనీ సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 11న నిపుణ్ సక్సేనా కేసులో స్పష్టం చేసింది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే షాద్‌నగర్ ఘటన జరిగింది. మొదటి రోజుల్లో ఆమె పేరూ ఫొటో దేశమంతా తిరిగాయి. అప్పుడు పోలీసులు కలగజేసుకుని ఆమెని ‘దిశ’ అని పిలవమన్నారు. అది ఆమెని కాపాడటానికి పెట్టిన మారుపేరు.

ఆ మారుపేరుకి ఏం జరిగిందో చూడండి. 2019 డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ ‘దిశ’ బిల్లు ఆమోదించింది. ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు అన్నారు. అది చట్టంగా అమల్లోకి రాలేదు గాని ‘దిశ’ పోలీసు స్టేషన్లు వచ్చాయి. 2020 ఫిబ్రవరిలో మొదటిది రాజమహేంద్రవరంలో తెరిచారు. ‘దిశ’ యాప్ వచ్చింది. ఆడపిల్లలంతా దాన్ని ఫోనుల్లో వేసుకోవాలని ప్రచారం సాగింది. దాచుకోవటానికి పెట్టిన పేరు చాటుకోవటానికి పనికొచ్చింది. చివరికి సినిమావాళ్ళు వచ్చి ఆ పేరుకి ‘ఎన్‌కౌంటర్’ తగిలించారు. ఆ పేరు అప్పటికే జనం నోళ్ళలో నాని ఉంది గనక కొత్తగా ప్రచారం కట్టక్కర్లేదు. ప్రభుత్వం చేసిపెట్టిన ప్రచారం మీద వ్యాపారి ఉచితంగా ఎక్కి కూచున్నాడు. తండ్రి అభ్యంతరం చెప్పాక అక్షరాలు అటూ ఇటూ మార్చి ‘ఆశ’ అన్నాడు. జనానికి ఎలాగూ అర్థమవుతుందన్న ధీమా అది. అసలు పేరు తీసేయమని చట్టం అంటే మారుపేరు పెట్టుకోవచ్చు. మారుపేరు తీసేయమంటే మరో మారుపేరు. చట్టం కాపాడింది అక్షరాలని. వ్యాపారి అమ్ముకున్నది ఆ అక్షరాల వెనక జనానికి తెలిసిన చావుని. పైపెచ్చు కుటుంబం కోర్టుకెక్కిన వార్త కూడా అతనికి ఖర్చులేని ప్రకటనే అయింది.

ఆ శీర్షికలో రెండో మాట ‘ఎన్‌కౌంటర్’. శ్రీకాకుళం జిల్లావాళ్ళం ఆ మాటని పోస్టరు మీద పెద్ద అక్షరాల్లో చూసి ఊరికే దాటిపోలేం. 1969 మే 27న పంచాది కృష్ణమూర్తినీ మరి ఆరుగుర్నీ చంపి పోలీసులు చెప్పిన మాట అది. అదే ఏడాది డిసెంబరులో, బొడ్డపాడులో అర్చకుడుగా ఉండి జముకుల కథలు రాసిన సుబ్బారావు పాణిగ్రాహిని చంపి చెప్పిన మాట అది. 1970 జూలై 10న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం విషయంలో చెప్పిన మాట అది. కాల్పుల పేరు చెప్పి కప్పిపెట్టటానికి ఈ మాట ఎలా పనికొస్తుందో ఉద్దానం పల్లెల్లో అక్షరం రాని ముసలమ్మకి కూడా తెలుసు. చటాన్‌పల్లిలో పోలీసుల మీద జనం పూలు చల్లినరోజున అది ఎదురుకాల్పులేనని నమ్మనివాళ్ళని దేశద్రోహుల్లా చూశారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే పోలీసులు కాల్చారనీ, పోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లనీ, పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారించాలనీ అది చెప్పింది. అంటే సినిమా ప్రచారంలో పండగలా చూపించిన రెండో ఘటన కూడా ఒక నేరమేనని ఆ కమిషన్ అభిప్రాయం. ఆ నలుగురి తల్లులు కూడా బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళే. ఇటు ఆమె తండ్రీ, అటు ఆ తల్లులూ, ఒకరికొకరు ఎదురు నిలవాల్సినవాళ్ళు, ఒకే సినిమాని వద్దన్నారు. ప్రచారం ఇద్దరి చావుల్నీ ఒక్క టిక్కెట్టు మీద అమ్మబోయింది గనకనే.

ఇంతకీ కుటుంబానికి అడిగే హక్కు ఉందా? చట్టం సమాధానం ఒకేలా లేదు. చనిపోయిన వ్యక్తి మీద వేసిన నింద, అతను బతికుంటే అతని పరువుకి భంగం కలిగించేదై, కుటుంబ సభ్యుల మనసు గాయపరిచే ఉద్దేశంతో వేసిందైతే అది పరువు నష్టమేనని శిక్షాస్మృతి 499వ సెక్షన్ మొదటి వివరణ చెప్పింది. 1999 ట్రేడ్ మార్కుల చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఇరవై ఏళ్ళ లోపు పోయిన మనిషితో సంబంధం ఉన్నట్టు తప్పుగా సూచించే గుర్తుని నమోదు చేయమంటే, వారసుల అంగీకారం తెమ్మని రిజిస్ట్రారు అడగవచ్చు. అంటే పోయిన మనిషి పేరుని సబ్బు బిళ్ళకి తగిలించటానికి కుటుంబాన్ని అడగాల్సి రావచ్చు. సినిమాకి మాత్రం అంత పట్టింపు లేదు. జయలలిత జీవితం మీద తీసిన ‘తలైవి’ కేసులో 2021లో మద్రాసు హైకోర్టు, గోప్యతా హక్కు మనిషితోనే పోతుందనీ వారసులకి సంక్రమించదనీ చెప్పింది. నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన దావాలో 2023 జూలైలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ ధోరణిలోనే, ఆ హక్కులు అతనితోనే అంతరించాయని తేల్చింది.

న్యాయస్థానాలు ఆస్తి తర్కంతో ఆలోచించాయి. హక్కు ఆస్తి అయితే వారసత్వం ఉంటుంది, కాకపోతే లేదు. మనవాళ్ళలో పేరుకి ఉన్న మర్యాద ఈ లెక్కకి అందదు. మామగారి పేరు కోడలు నోటితో అనని ఇళ్ళు మనకి ఇప్పటికీ ఉన్నాయి. పోయిన తాత పేరు మనవడికి పెట్టుకుంటారు. ఆ తల్లి మాత్రం వాణ్ణి ఆ పేరుతో పిలవకుండా ‘బాబూ’ అనో, ‘అయ్యా’ అనో, ఇంకో ముద్దుపేరుతోనో పిలుస్తుంది. ఇందులో కోడలి మీద ఉన్న అణచివేత ఉంది, దాన్ని నేను మెచ్చుకోవటం లేదు. కాని పేరు అందరికీ తెలిసినంత మాత్రాన అందరూ అన్ని సందర్భాల్లోనూ పలకదగ్గది కాదన్న ఎరుక కూడా అందులో ఉంది. ఒక పేరు ఎవరి నోట, ఏ సందర్భంలో వస్తోందన్నది మన జనానికి ఎప్పుడూ ముఖ్యమే.

అయితే కుటుంబం ఏది చెప్తే అదే చివరి మాటా? ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. మిర్యాలగూడ కేసులో హత్య చేయించినవాడని ఆరోపణ వచ్చింది కూడా కుటుంబంలోని మనిషి మీదే. కులం పరువు కోసం పిల్లల పేర్లు చెరిపేయాలనుకునే కుటుంబాలు ఉన్నాయి. ఊరి పెద్దల ఒత్తిడికో, పోలీసుల బెదిరింపుకో లొంగి, మా అబ్బాయి పేరు ఎత్తకండి అనే ఇళ్ళూ ఉన్నాయి. మరోపక్క, ఢిల్లీలో 2012 డిసెంబరులో అత్యాచారానికి బలైన విద్యార్థిని తల్లి 2015 డిసెంబరు 16న బహిరంగ సభలో కూతురి పేరు తానే చెప్పింది. సిగ్గుపడాల్సింది నేరం చేసినవాళ్ళు గాని మేం కాదని ఆమె వాదన. ఒక తల్లి పేరు చెప్పి పోరాడింది. ఒక తండ్రి పేరు చెప్పొద్దని పోరాడాడు. ఇద్దరూ ఒకే పని చేస్తున్నారని నా అభిప్రాయం. పోయిన బిడ్డకి జరగాల్సిన న్యాయం వైపు ఆ పేరు నడవాలని ఇద్దరి పట్టుదలా. రక్తసంబంధం ఒక్కటే హక్కునివ్వదు. పోయిన మనిషి అడగలేని న్యాయాన్ని ఆ మనిషి బదులు అడుగుతూ తిరుగుతున్నవాళ్ళకి ఆ హక్కు వస్తుంది. చాలాసార్లు వాళ్ళు కుటుంబమే. ఎందుకంటే జనం చెదిరిపోయాక కోర్టు మెట్ల దగ్గర మిగిలేది వాళ్ళే.

దీనికి ఎదురుగా ఒక వాదన వినిపిస్తుంది. రచయితల సంఘంలో ఉండి భావప్రకటనా స్వేచ్ఛకి అడ్డు చెప్తారా? రేపు ఒక భూస్వామి కొడుకులు వచ్చి, మా నాన్న పేరు మీ నవలలో వాడొద్దు అంటే ఒప్పుకుంటారా? ఇది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. నిషేధం అనే కత్తి ఎవరి మెడ మీద పడుతుందో మనకి తెలుసు. 2005 ఆగస్టులో విప్లవ రచయితల సంఘాన్నే ప్రభుత్వం నిషేధించింది. అంచేత సినిమాని నిషేధించమని అడగటం విమర్శకుని పని కాదు. కాని స్వేచ్ఛ పేరు చెప్పి ప్రతి వాడకాన్నీ ఒకే గాట కట్టటం కూడా కుదరదు.

గీత ఎక్కడ గీయాలి? పోయిన మనిషి బతికుండగా తన పేరుని ప్రజలకి ఇచ్చాడా లేదా అన్నది చూడాలంటాను. జయలలిత తన పేరుని ఓట్లడగటానికి వాడింది. ఆ పేరు మీద మంచీ చెడూ రాసే హక్కు ప్రజలకి వచ్చింది. భూస్వామి తన పేరు చెప్పి ఊరిని వణికించాడు. ఆ పేరు ఊరిది, దాన్ని రాయటానికి అతని కొడుకుల అనుమతి అక్కర్లేదు. సుబ్బారావు పాణిగ్రాహి తన పేరుని తన పాటతో పాటు జనానికి ఇచ్చాడు. 2010 జూలై 14న సోంపేట బీల కోసం, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర కోసం, థర్మల్ ప్లాంట్లకి ఎదురు నిలిచి తూటాలకి పోయినవాళ్ళు తమంతట తాము రోడ్డు మీదికొచ్చినవాళ్ళు. వాళ్ళ పేరు ఆ పోరాటానిది. మిర్యాలగూడ యువకుడు తన పేరుని ఎవరికీ ఇవ్వలేదు. అతను పెళ్ళి చేసుకున్నాడు, ఆస్పత్రికి వెళ్ళాడు. ఆ పశువైద్యురాలు పని ముగించుకుని స్కూటరు మీద ఇంటికి బయల్దేరింది. వాళ్ళ పేర్లని ప్రజల్లోకి లాగింది వాళ్ళు కాదు, హంతకులు. హంతకుడు లాగి పడేసిన పేరుని వ్యాపారి ఏరుకుని, ఇది అందరిదీ అంటే, ఆ వాదన హత్య మీద నిలబడ్డ వాదన అవుతుంది.

ఉద్యమంలోకి వెళ్ళినవాళ్ళకి రెండు పేర్లుంటాయన్నది మనకి తెలిసిందే. ఒకటి జనానికి ఇచ్చినది, ఒకటి ఇంటిదగ్గర వదిలేసి వెళ్ళినది. ఈ తేడాని మనం పట్టించుకోవాలి. మొదటి పేరు మీద పాట కట్టటానికి ఎవరినీ అడగక్కర్లేదు. రెండో పేరు, పెళ్ళినాటి ఫొటో, అమ్మకి రాసిన ఉత్తరం, ఇవి జనానికి ఇచ్చినవి కావు. పట్నంలో పోస్టరు మీద ఒక ఇంటిపేరు పడితే పల్లెలో ఆ ఇంటి తలుపు ఎవరు తడతారో మన జిల్లావాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. 2002లో అమరుల బంధు మిత్రుల సంఘం ఏర్పడినప్పుడు తల్లులూ భార్యలూ అన్నదమ్ములూ తమ మనుషుల శవాలని అడిగే హక్కు కోసం నిలబడ్డారు. శవాన్ని అడిగే హక్కు ఎవరిదో పేరు గురించి అడిగే హక్కు కూడా వాళ్ళదే. శవం దగ్గర వాళ్ళని ముందు నిలబెట్టి, పోస్టరు దగ్గర వెనక్కి నెట్టటం సబబు కాదు.

పేరుని ఎత్తుకుపోవటం ఎంత అన్యాయమో, పేరే లేకుండా చేయటం అంత అన్యాయం. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ళ సంగతి చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఆ జబ్బు ముట్టని ఊరు వెతుక్కోవాలి. కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. పోయినవాళ్ళు ప్రచారంలో కనబడతారు, కాని పేరుతో కాదు, ‘ఉద్దానం బాధితులు’ అనే మూకుమ్మడి మాటతో. మంచం మీద పడుకున్న మనిషి పక్కన నిలబడ్డ నాయకుడికే ఫొటో కింద పేరు ఉంటుంది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. మంచినీటి పథకం వచ్చింది. రావాల్సినవి వచ్చాయి, అది ప్రజల ఆందోళన ఫలితం. కాని ప్రారంభించిననాడు రెండిటి మీదా ఉన్న పేరు ఒక మాజీ ముఖ్యమంత్రిది. జీడితోటల్లో కూలిచేసి, కొబ్బరి దింపి, డయాలిసిస్ కోసం విశాఖ దాకా తిరిగి తిరిగి పోయినవాళ్ళ పేరు ఒక్క గోడ మీదా లేదు. ఏ పేరు లాభానికి పనికొస్తే అది పోస్టరు మీదికి ఎక్కుతుంది. పనికిరాని పేరు అంకెల్లో కలిసిపోతుంది. రెండిట్లోనూ ఇంటివాళ్ళని అడిగేవాడు లేడు.

రచయితలకి ఇందులో పాఠం ఏమిటి? ‘యథార్థ గాథ’ అన్న ముద్ర లేకుండా నిజం చెప్పలేమా? 1966లో ‘యువ’లో కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ అచ్చయినప్పుడు అందులో ఊరూ మనుషులూ కల్పితాలు. అయినా అప్పులో కూరుకుపోయిన ఉత్తరాంధ్ర పేద కుటుంబం ప్రతిదీ అందులో తనని చూసుకోగలిగింది. ఏ ఇంటి ఏడుపునీ ఆ కథ ప్రకటనగా వాడుకోలేదు. 2020 మార్చిలో కరుణ కుమార్ తీసిన ‘పలాస 1978’ వచ్చింది. దళిత కళాకారుల కథ. ఆ సినిమా హింసని చూపించిన తీరు మీద చర్చించాల్సింది ఉంది. కాని పోస్టరు మీదికెక్కింది మా ఊరి పేరూ, ఒక ఏడాదీ. పోయిన మనిషి పేరు కాదు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘తండేల్’ పాకిస్తాన్ చెరలో పడి 2020 జనవరిలో తిరిగొచ్చిన మన జిల్లా మత్స్యకారుల అనుభవం మీద ఆధారపడింది. వాళ్ళు బతికొచ్చారు గనక, సినిమాలో తప్పుంటే ఇది మా కథ కాదని నోరు విప్పి చెప్పగలరు. చనిపోయినవాళ్ళకి ఆ అవకాశం లేదు. వాళ్ళ కథ రాసేవాడి మీద బాధ్యత అందుకే ఎక్కువ.

నిజమైన పేరు వాడితేనే నిలబడే కథ, పేరు తీసేస్తే కూలిపోయే కథ, అసలు కథే కాదు. ‘మర్డర్’ నుంచి పేర్లూ ఫొటోలూ తీసేయమని కోర్టు అన్నాక, ఆ సినిమాకి కులం గురించి చెప్పటానికి ఏం మిగిలింది? ఆ ప్రశ్న నిర్మాత వేసుకోలేదు. మనం వేయాలి.

చివరగా మన సంఘాలకి సంబంధించి ఒక సూచన. అమరుల సభ కరపత్రం వేసేముందు, సంచిక ముఖచిత్రం నిర్ణయించేముందు, ఒకరు ఆ ఇంటికి వెళ్ళాలి. ఫోను చేయటం చాలదు. తల్లి ఉంటే తల్లితో, భార్య ఉంటే భార్యతో కూర్చుని, ఇది వేద్దామనుకుంటున్నాం, ఈ ఫొటో, ఈ మాటలు, మీకు సమ్మతమేనా అని అడగాలి. ఇంట్లో రెండు అభిప్రాయాలుంటే రెండూ వినాలి. పోయిన మనిషి కోసం తిరుగుతున్నది ఎవరో గమనించాలి. వద్దంటే చైతన్యం లేదని చిన్నచూపు చూడకూడదు. కారణం అడిగితే చెప్తారు. పోలీసు భయమో, ఆడపిల్ల పెళ్ళో, ఇంకా తేలని కేసో ఏదో ఉంటుంది. అది మన కరపత్రం కంటే ముఖ్యమైనదే అయ్యుంటుంది. జనానికి ఇచ్చిన పేరు ఎలాగూ మనతో ఉంది, దానితో సభ జరుగుతుంది. ఈపాటి మర్యాద మనం పాటిస్తేనే, ఒక పోస్టరు ముందు నిలబడి ఇది అమ్మకమని చెప్పే అర్హత మన విమర్శకి ఉంటుంది.